కడిగించుకున్నవాడు

బస్సు ఇంకా రాలేదు. పెన్నాగరం వైపు నుంచి వచ్చే బస్సు ఊరి మలుపులో ఒకసారి గట్టిగా హారన్ కొడుతుంది, అది వినబడితే అన్న వచ్చినట్టే. అన్న అంజనప్ప బస్సు దిగి, టీకొట్టు ముందర నిలబడి ఎవరితోనో గొర్రెల గురించి రెండు మాటలాడి, నెమ్మదిగా నడిచి ఇల్లు చేరేదాకా ఎట్లో ఓర్చుకోవచ్చు. వసారాలో నులకమంచం అంచున కూర్చొని, రెండు చేతులకూ మోచేతులు దాటి పిండికట్లు ఉంటే, వాటిని ఎవరి పసిబిడ్డలనో ఎత్తుకున్నట్టు ఒడిలో పెట్టుకొని, ఓబద్యా ఆ హారన్ కోసమే చెవులు పెట్టుకొని ఉన్నాడు. కడుపులో మళ్లీ మెలి తిరిగింది. నొప్పికిచ్చిన మాత్రలు పడలేదో ఏమో. పొద్దున ఇంకా మసకగా ఉన్నప్పుడే అన్న వెనకవైపు తీసుకుపోయి అన్నీ చేసి, లుంగీ కట్టి, ముఖం తుడిచి కూర్చోబెట్టి, గొర్రెల్ని బండెక్కించుకొని సంతకు పోయినాడు. "మధ్యాహ్నానికి వచ్చేస్తాను. అంతలోపల ఏమన్నా కావల్లంటే వదినను పిలువు" అని చెప్పి పోయినాడు. ఏమన్నా కావల్లంటే. నీళ్లు కావల్లంటే పిలవొచ్చు. ముఖం మీద ఈగ వాలితే పిలవొచ్చు. దీనికి ఎట్ల పిలిచేది?

వాకిట్లో వేపచెట్టు నీడన వదిన మునివెంకటమ్మ గోనెపట్టా పరుచుకొని శనక్కాయలు వలుస్తా ఉంది. పక్కింటి మేనక కూడా వచ్చి కూర్చొని తానూ నాలుగు వలుస్తా, నోరు మాత్రం ఆపకుండా మాట్లాడుతా ఉంది. వాళ్ల అక్క కూతురికి పుట్టిన కవలల సంగతి, వాళ్లలో ఒకడు పాలు తాగడు, ఒకడు వదలడు. కాయ పగిలిన చప్పుడు, మాట, కాయ పగిలిన చప్పుడు, మాట. మేనక లేచిపోతే బాగుండు. లేచిపోతే మాత్రం ఏమి, అప్పుడు పిలుస్తాడా? పొద్దున వదిన గిన్నెలో అంబలి తెచ్చి "నేను తాపిస్తాలే" అంటే ఆకలి లేదన్నాడు. ఆకలి ఉంది. ఇన్ని రోజులూ అన్న చేత్తో తిన్నాడు, అన్న చేత్తో కడిగించుకున్నాడు, అన్న అయితే మగవాడు, తోడబుట్టినవాడు, చిన్నప్పుడు ఏట్లో ఒకరి వీపు ఒకరు రుద్దుకున్నవాళ్లు. అయినా ఆ కడిగేటప్పుడు కూడా కళ్లు మూసుకొని నోట్లో ఏదో పాట నెమరేసుకుంటా ఉండేవాడు, పాట అయిపోయేలోగా పని అయిపోవాలని.

మొపెడ్ మీంచి పడింది ధర్మపురిలోనే, అతను పాస్టరుగా సభ నడిపే ఊళ్లోనే. ఆసుపత్రికి పోతా ఉన్నాడు, మొపెడ్ హ్యాండిలుకు గంజి క్యాన్ వేలాడుతా ఉంది, వార్డులో ఎవరూ లేని ముసలాయన ఒకడు గంజి కోసం చూస్తా ఉంటాడు. గులకరాళ్ల మీద చక్రం జారింది. పడేటప్పుడు రెండు చేతులూ నేలకు ఆనించినాడు, రెండు మణికట్లూ పోయినాయి. గంజి రోడ్డు మీద తెల్లగా పారింది. ఆటో తోలే శక్తి వచ్చి ఎత్తుకుపోయినాడు, శక్తి అతని సభలో వాడే, డప్పు కొట్టేది వాడే. కట్లు కట్టించినాక "మా ఇంటికి రండి అయ్యా, మా అమ్మ, నేను చూసుకుంటాం" అని చేతులు జోడించి అడిగినాడు. మిగతా విశ్వాసులూ అడిగినారు, ఒకరి తర్వాత ఒకరు, మా ఇంటికి అంటే మా ఇంటికి అని. అప్పుడు ఓబద్యా ఏం చెప్పినాడు? వత్తల్‌మలై కొండ మీద తెలిసినవాళ్ల ప్రార్థన ఇల్లు ఉంది, అక్కడ ఏకాంతంగా ఉపవాసం ఉంటాను, దేవుడు నన్ను పడగొట్టింది ఆయనతో ఒంటరిగా కూర్చోబెట్టడానికే అని చెప్పినాడు. ఎంత బాగా చెప్పినాడు. వాళ్లు తలలు వంచుకొని ఆమేన్ అన్నారు. కూతురు శాలిని కోయంబత్తూరులో నర్సు, సెలవు దొరక్క ఏడ్చుకుంటా వచ్చి, కారు మాట్లాడి తెచ్చి ఈ పల్లెలో పెద్దనాయన ఇంట్లో దించి పోయింది. దారిలో ఒక్కమాట అడిగింది, "వాళ్లకు అబద్ధమేల చెప్పినావు నాయనా?" అని. కిటికీలోంచి బయటికి చూస్తా ఉండిపోయినాడు. భార్య సరసు బతికి ఉంటే ఇదంతా ఉండేది కాదు. సరసు ఉంటే ఆమె చేసేది, ఎవరికీ తెలిసేది కాదు. ఎవరికీ తెలియకుండా చేసే మనిషి ఒకరు ఉండాలి, అంతే కదా నీకు కావలసింది. ఈ మాట ఎవరు అన్నారు? ఎవరూ అనలేదు. వాకిట్లో కాయ పగిలింది.

ఓబద్యా అంటే యెహోవా సేవకుడు అని అర్థం. బాప్తిస్మం ఇచ్చిన నాడు ముసలి పాస్టర్ పెట్టిన పేరు. అప్పటిదాకా అతను తిమ్మరాయన్, తమిళనాట తెలుగు మాట్లాడే గొర్రెల కాపరుల ఇంట్లో చిన్నవాడు. బైబిల్లో ఒక ఓబద్యా ఉండేవాడు, రాణి చంపిస్తా ఉంటే ప్రవక్తల్ని గుహల్లో దాచి, రొట్టె నీళ్లు మోసి బతికించినాడు, నువ్వు అట్లాంటి సేవకుడివి కావాలి అని ఆయన తల మీద చెయ్యి పెట్టినాడు. ఆ పేరు ఇంట్లో ఎవరి నోటా తిరగలేదు. వదిన మాత్రం ప్రయత్నం చేసి "ఓబయ్యా" అనేది, అది కడప పక్క వాళ్ల పేరు మాదిరి ఉండేది, అతనికి చిరాకు వచ్చేది. తర్వాత్తర్వాత ఆమె మళ్లీ తిమ్మా అనే పిలిచింది. ధర్మపురిలో అతను ఊళియక్కారర్. తమిళంలో ఆ మాటకు సేవ చేసేవాడనే అర్థం, కాని ఆ మాట అనేటప్పుడు జనం లేచి నిలబడతారు. సేవ చేసేవాడు లోపలికి వస్తే చాపల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడతారు, కుర్చీ తుడిచి వేస్తారు, బైబిలు సంచి చేతిలోంచి అందుకుంటారు. అతను ఒక్కడే కుర్చీ మీద కూర్చొని తగ్గింపు గురించి చెప్తాడు. తమిళంలో చదువుతాడు, తమిళంలో ప్రార్థిస్తాడు, తమిళంలోనే ఏడుస్తాడు. తెలుగులో అతనికి చదవను రాదు, రాయను రాదు. తెలుగులో అతను ఎప్పుడూ తిమ్మడే, ముక్కు కారుతా ఉన్న తిమ్మడు, ఆకలేస్తే వదిన కొంగు పట్టుకొని తిరిగిన తిమ్మడు. ఇప్పుడు పిలవాల్సిన మాట కూడా తెలుగు మాటే. వదినా. అంతే, మూడక్షరాలు.

కడుపు ఇంక ఆగనంది. లేచినాడు. చేతులు లేకుండా మంచం మీంచి లేవడం కూడా ఒక విద్య, ముందుకు వంగి, మోకాళ్ల మీద బరువు వేసి, ఊపిరి బిగబట్టి. వాకిట్లో వాళ్ల కంటబడకుండా వంటింటి గుండా వెనక పెరట్లోకి పోయినాడు. కక్కసు పెరటి చివర, గొర్రెల దొడ్డి పక్కన. రేకు తలుపును మోకాలితో తోసి, లోపలికి పోయి, మళ్లీ మోకాలితో మూసినాడు. లుంగీ ముడి అన్న వదులుగానే కట్టినాడు, గోడకు రుద్దితే ఊడింది, కాలితో పక్కకు జరిపినాడు. ఇంతదాకా ఎవరి అవసరమూ రాలేదు. పని అయిపోయింది. అయిపోయినాక లేచి గోడకు భుజం ఆనించి నిలబడినాడు. బక్కెట్లో నీళ్లు నిండుగా ఉన్నాయి, అందులో రేకు సందులోంచి పడిన ఎండ ముక్క వణుకుతా ఉంది. మగ్గు బక్కెట్టు అంచుకు తగిలించి ఉంది. చెయ్యి చాపితే అందేంత దగ్గర. చెయ్యి చాపినాడు కూడా, పిండికట్టు పోయి మగ్గుకు తగిలి, మగ్గు నీళ్లలో మునిగింది.

ఇక అన్న కోసమే చూడాలి. నిలబడే ఉండాలి, కూర్చునేదానికి లేదు, లుంగీ కట్టుకునేదానికి లేదు, బయటికి పోయేదానికి లేదు. దొడ్డిలో గొర్రె ఒకటి దగ్గింది. ఈగలు వచ్చినాయి. ఆసుపత్రి వార్డులో కూడా ఇట్లే వచ్చేవి ఈగలు, విసనకర్రతో తోలుతా ఉండేవాడు. ఎంతమందిని కడిగినాడు ఈ చేతులతో. మొరప్పూర్ స్టేషన్లో పడిపోయి ఉన్న మతిలేని మనిషిని ఎత్తుకొచ్చి గోళ్లు కత్తిరించి స్నానం చేయించినాడు. అబద్ధం కాదు, చేసినాడు. ముక్కు మూసుకోకుండా చేసినాడు, ఎవరూ చెయ్యని పని చేసినాడు. ప్రభువు నడుముకు తువ్వాలు చుట్టుకొని శిష్యుల కాళ్లు కడిగిన కథ చెప్పేటప్పుడు అతని గొంతు వేరే అయ్యేది, తువ్వాలు తనే చుట్టుకున్నట్టు నడుము మీద చెయ్యి పెట్టుకునేవాడు. ఆ కథలో ఇన్ని ఏండ్లూ అతను తువ్వాలు పట్టినవాడి పక్కనే నిలబడినాడు. కాళ్లు చాపుకొని కూర్చున్నవాళ్ల వరసలో ఒక్కనాడూ కూర్చోలేదు. ఆ శిష్యుల్లో పేతురు నా కాళ్లు కడగొద్దు అన్నప్పుడు సభలో నవ్వు పుట్టించేవాడు, చూడండి ఈ పెద్దమనిషిని, దేవుడు వంగితే వద్దంటాడట అని. పేతురుకు ఎట్ల ఉండిందో ఇప్పుడు తెలుస్తా ఉంది. కాళ్లకు ఎంత మురికి ఉండిందో. మేకలు తిరిగిన దారుల మురికి, చేపల నీచు. దాన్ని తను ఎంతో గౌరవించే మనిషి కళ్లతో చూసి, వేళ్లతో తాకుతాడని తెలిసినప్పుడు కాళ్లు వెనక్కి లాక్కోకుండా ఎవరుంటారు?

హారన్ కొట్టింది.

గోడను విడిచి నిలువుగా నిలబడినాడు. వచ్చేసినాడు అన్న. టీకొట్టు దగ్గర ఆగినా, మాట్లాడినా, ఇంక కాసేపే. ప్రభువా స్తోత్రం అన్నాడు, తమిళంలో. బస్సు ఆగి, ఉరిమినట్టు చప్పుడు చేసుకుంటా ఏరియూరు వైపు పోయింది. వాకిట్లోంచి మేనక గొంతు గోడ మీదుగా వచ్చింది, "బస్సు పోయింది కదక్కా, మీ ఆయన దిగలేదే." వదిన ఏదో అంది, వినబడలేదు. మేనకే మళ్లీ అంది, "సంతలో గొర్రెలు పోకుంటే రేపటికే వస్తారు ఈ మగవాళ్లు." స్తోత్రం అన్న నోరు అట్లే తెరుచుకొని ఉండిపోయింది. పిక్కలు లాగుతా ఉన్నాయి. తొడల మీద చెమట, ఇంకేమో కూడా, ఎండిపోతా ఉంది. నవ్వు వచ్చింది, ఆ నవ్వు సగంలోనే ఏడుపు మాదిరి అయింది, చప్పుడు బయటికి పోకుండా పిండికట్టును నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

ధర్మరాజ్ గోడ పక్కకు తిరిగి పడుకున్నాడు. ఎందుకిప్పుడు గుర్తుకొచ్చినాడు ధర్మరాజ్? పోయిన ఏడు వానాకాలంలో, వార్డులో, కిటికీ పక్క మంచం. పూలకొట్టులో పూలు కట్టే ధర్మరాజ్, నడుము విరిగి కదలలేక, పెళ్లాం ప్రసవానికి పుట్టింటికి పోయి ఉంటే, చూసే దిక్కు లేక. ఓబద్యా రోజూ పోయినాడు. దుప్పటి తొలగించి, మొద్దు మాదిరి బరువుగా ఉండే ఆ మనిషిని పక్కకు తిప్పి, అంతా శుభ్రం చేసి, పౌడరు చల్లి. అతను గోడవైపు తిరిగి ఏడ్చేవాడు, భుజాలు కదిలేవి. ఆ కన్నీళ్లను చూసి, కృతజ్ఞత అనుకున్నాడు ఓబద్యా. కఠినమైన గుండె కరుగుతా ఉంది అనుకున్నాడు. లేచి నడిచినాక ధర్మరాజ్ సభకు వచ్చినాడు, పెళ్లాన్ని, చంటిబిడ్డను వెంటబెట్టుకొని, ఉతికిన చొక్కా వేసుకొని. ఆ ఆదివారమే ఓబద్యా సాక్ష్యం చెప్పినాడు. మైకులో. ప్రియమైనవాళ్లారా, ఇదిగో ఈ తమ్ముడి మలం ఈ చేతులతో ఎత్తినాను, వార్డులో ఆయా కూడా దగ్గరికి రాలేదు, నేను ఎత్తినాను, నేను అసహ్యించుకోలేదు, ఎందుకంటే నేను సేవకుడిని. చేతులు పైకెత్తి చూపించినాడు. అందరూ ధర్మరాజ్ వైపు తిరిగి చూసినారు. ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. ధర్మరాజ్ చాప మీద తల వంచుకొని, చంటిబిడ్డ కాలి వేళ్లను ఒక్కొక్కటే పట్టుకొని చూస్తా ఉండినాడు, ఆ వేళ్లలో ఏదో పోగొట్టుకున్నట్టు. పెళ్లాం అతని పక్క చూడలేదు. మళ్లీ రాలేదు వాళ్లు. ఓబద్యా ప్రార్థనలో చెప్పినాడు, ఒక ఆత్మ వెనక్కి జారిపోయింది ప్రభువా, చేసిన మేలు మరిచిపోయింది.

రేకు తలుపు ఎండకు కాలి వేడి కొడుతా ఉంది. ఒళ్లంతా మంట. సిగ్గు అనేది చెంపల దగ్గర పుడుతుందని అనుకుంటారు, కాదు, అది ఎక్కడో నాభి కింద పుట్టి పైకి పాకుతుంది. ఇప్పుడు ఎవరన్నా ఈ తలుపు తెరిచి ఫోటో తీసి సభలో గోడకు తగిలిస్తే ఎట్ల ఉంటుంది? అదే కదా చేసింది. ఒక మనిషిని లుంగీ లేకుండా నిలబెట్టి, వెలుతురు వేసి, పక్కన తను నిలబడి చేతులెత్తి చూపించుకున్నాడు. కడిగింది నిజం. కడిగినాక ఆ నీళ్లను అమృతం మాదిరి కుండకెత్తుకొని ఊరేగించింది కూడా నిజం. విశ్వాసుల ఇండ్లకు ఎందుకు పోలేదు నువ్వు? వాళ్లు కడిగితే వాళ్లూ చెప్తారని భయం. శక్తి వాళ్ల అమ్మ బోరింగు దగ్గర నలుగురిలో చెప్తుందని భయం. అందరూ నీ మాదిరే అనుకున్నావు.

ఇక్కడ మాత్రం ఎవరు చెప్తారు? వదిన చెప్తుందా? ఈమె ఎవరికన్నా ఏమన్నా చెప్పిందా ఎప్పుడన్నా? బాప్తిస్మం తీసుకున్న మొదటి సంవత్సరం, ఇంటి దేవర పండగ, చుట్టాలంతా వరసలో కూర్చొని ఉన్నారు, వదిన వంగి అతని ఆకులో మాంసం వడ్డించింది. విగ్రహం ముందర పెట్టింది నేను తినను అని అందరి ముందర ఆకు మడిచి లేచినాడు. గరిటె చేతిలో పట్టుకొని ఆమె అట్లే వంగి ఉండిపోయింది. ఆ మాటను కూడా ఎన్నిసార్లు చెప్పినాడు మైకులో, దేవుడు నాకిచ్చిన ధైర్యం అని. ఆ తర్వాత ఎప్పుడు పండగకు వచ్చినా ఆమె తెల్లారకముందే లేచి, చిన్న కుండలో అతని వంతు వేరే వండి మూతపెట్టి, "ఇది ఇంకా సామికి చూపలేదు, నువ్వు తిను" అని తెచ్చి ఇచ్చేది. పూజకు ముందు వండితే ఊళ్లో ఆడవాళ్లు తప్పు పడతారు, ఆమె పడింది ఆ మాటలు, ఎన్ని పడిందో తెలియదు. అతని దేవుడు పెట్టిన నియమాన్ని అతనికంటే జాగ్రత్తగా ఆమె కాపాడింది. అతను తిన్నాడు. తిని, గెలిచినాను అనుకున్నాడు.

మేనక లేచినట్టుంది, చీర దులుపుకుంటా "పోయొస్తానక్కా" అంది. చెప్పులు దూరం పోయినాయి. వాకిట్లో ఇప్పుడు కాయ పగిలిన చప్పుడు ఒక్కటే. ఇప్పుడు పిలవొచ్చు. పిలిచినాడా? ఊపిరి పీల్చుకున్నాడు, వదిలినాడు. జన్మలో ఇంత మందిని దేవుణ్ణి పిలవమని చెప్పినవాడు, కష్టంలో నోరు తెరిచి పిలవండి అని గట్టిగా అరిచి చెప్పినవాడు, ఇంట్లో ఉన్న మనిషిని పిలవలేక రేకుల మధ్య నిలబడి చెమటలు కారుస్తా ఉన్నాడు. ఇంకాసేపు నిలబడితే పడతాడు. పడితే ఇంక ఆమె ఒక్కతే లేపలేదు, ఊరంతా రావాలి.

"వదినా."

వినబడలేదు. గొర్రె దగ్గినంత కూడా రాలేదు గొంతు.

"వదినా!"

కాయల చప్పుడు ఆగింది. చెప్పుల్లేని అడుగులు వంటిల్లు దాటి పెరట్లోకి వచ్చినాయి. "ఎక్కడుండావబ్బయ్యా? మంచం మీద లేవే." తలుపు ముందర ఆగింది. అర్థమయింది ఆమెకు. "ఎంతసేపాయ?"

"అన్న వస్తాడని..."

"మీ అన్న వచ్చేదాకా ఇట్లే నిలబడుకుంటావా? కాళ్లు ఏం కావల్ల?" అంటానే తలుపు తీసింది. కళ్లు మూసుకున్నాడు. పాట ఏదీ గుర్తుకు రాలేదు. "గోడ పక్క తిరుగు. కొంచెం వంగు. భయమెందుకు, పడవులే, నేను పట్టుకుంటా." బక్కెట్లో చెయ్యి పెట్టి మునిగిన మగ్గును పైకి తీసిన చప్పుడు. నీళ్లు చల్లగా పడినాయి. డెబ్బై దగ్గరబడిన చెయ్యి, శనక్కాయల దుమ్ము అంటుకున్న గరుకు చెయ్యి, ఏ తొందరా లేదు, ఏ చిరాకూ లేదు, జాలి కూడా లేదు, చట్టి తోమినట్టు, గొర్రెపిల్లను తుడిచినట్టు. చేస్తా చేస్తానే మాట్లాడింది, నల్లగొర్రె ఈరోజో రేపో ఈనేట్టుంది, మీ అన్న ఇంట్లో లేని రోజే ఈనుతుంది అది ప్రతిసారీ. సున్నం ఊడిన గోడ మీద చీమలు బారుగా పోతా ఉంటే వాటినే చూస్తా నిలబడినాడు, చీమలు మసకబారినాయి. భుజాలు కదిలినాయి. ఇది కృతజ్ఞత కాదు. ఎవరన్నా చూసి కృతజ్ఞత అనుకుంటే ఎంత తప్పు.

"నేను ఈ ఇంటికి వచ్చిన నాడు నీకు ముక్కు తుడుచుకునేది కూడా తెలీదు" అంది వదిన, లుంగీ చుట్టి ముడి వేస్తా. "అత్త మంచం పట్టి ఉండె. అప్పుడు కడిగినాను, ఇప్పుడు కడుగుతా ఉండాను. నడుమ నువ్వు పెద్దోడివైపోయినావు, అంతే."

"మన్నించు వదినా."

"యేమిటికి?"

యేమిటికని చెప్పేది. ఆకు మడిచినందుకు, ఓబయ్యా అని నోరు తిప్పుకొని పిలిస్తే చిరాకు పడినందుకు, పొద్దున అంబలి వద్దన్నందుకు.

"మీ సామి ఇట్లదానికి కూడా మన్నింపు అడగమంటాడా?" అని నవ్వింది, పళ్లు లేని చోట చీకటి కనబడింది. "నడువు, ఎండగా ఉండాది."

నులకమంచం మీద కూర్చోబెట్టి, కొంగుతో ముఖం తుడిచి లోపలికి పోయింది. ఒళ్లు తేలికయింది. గాలి వచ్చింది. కళ్లు మూసుకుంటే మనసులో ఏదో మెల్లగా కదిలింది, ముందు ఏమిటో తెలియలేదు, తర్వాత తెలిసింది, తమిళంలో మాటలు ఒకదాని వెనక ఒకటి వరసగా నిలబడతా ఉన్నాయి. ప్రియమైనవాళ్లారా, ఈ రెండు చేతులూ దేవుడు తీసేసుకున్నాడు, ఎందుకో తెలుసా? ఇక్కడ ఆగాలి. గొంతు తగ్గించాలి. పేతురు కాళ్లను వెనక్కి లాక్కున్నాడు, నేనూ లాక్కున్నాను. అప్పుడు ఒక స్త్రీ వచ్చింది, చదువు లేని స్త్రీ, నిజమైన దేవుణ్ణి ఎరగని స్త్రీ. ఇక్కడ చూపు పైకెత్తాలి. ఇక్కడ ఏడుస్తారు. వెనక చాపల మీద ఆడవాళ్లు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. జీవితంలో ఇంత మంచి ప్రసంగం చెయ్యలేదు. ఒంటి మీద ఆమె పోసిన నీళ్ల తడి ఇంకా ఆరలేదు. ఆరకముందే ఆమెను పట్టుకుపోయి సభ మధ్యలో నిలబెట్టినాడు, వేలెత్తి చూపించినాడు, ఎరగని స్త్రీ అన్నాడు. ఓబద్యా కళ్లు తెరిచినాడు. కక్కసులో నిలబడినప్పటి సిగ్గు దీని ముందర ఏమీ కాదు. అది ఒంటికి అంటుకున్నది, నీళ్లతో పోయింది. ఇది ఎట్ల పోతుంది? దీన్ని ఎవరు కడుగుతారు, ప్రభువా, లోపల్నుంచి పుడుతానే ఉంటే.

మంచం మీద ఫోను మోగింది. వదిన సంగటి ముద్ద, కూరాకు ఉన్న పళ్లెం పట్టుకొని వచ్చి, పళ్లెం పక్కన పెట్టి, ఫోనెత్తి వేలితో నొక్కి అతని చెవి దగ్గర పట్టుకుంది. శక్తి. తమిళంలో, గొంతు తగ్గించి, గుళ్లో మాట్లాడినట్టు. "అయ్యా, ప్రార్థనలో ఉన్నారా? మధ్యలో పిలిచినానా?"

"ప్రార్థనలో లేను శక్తీ. కొండ మీద కూడా లేను. నీతో అబద్ధం చెప్పినాను. మా అన్న ఇంట్లో ఉన్నాను, మా అన్నా వదినా చూసుకుంటా ఉన్నారు."

"సరేనయ్యా" అన్నాడు శక్తి. "ఆదివారం కోసం పిలిచినాను. మీరు లేక సభ బోసిగా ఉంది. ఫోన్లోనే వాక్యం చెప్పండి, మైకు దగ్గర పెడతాం. కొంచెం అయినా చాలు."

ప్రసంగం నాలుక మీదే ఉంది. ఆగేచోట్లతో సహా ఉంది. చెవి పక్కన ఫోను పట్టుకున్న చెయ్యి ఉంది, నీళ్లకు నాని ముడతలు పడిన వేళ్లు.

"ఈ ఆదివారం నా దగ్గర చెప్పేదేమీ లేదు. పాటలు పాడుకోండి. ఎవరికన్నా బాగాలేకుంటే పోయి చూడండి, చూసినట్టు ఎవరికీ చెప్పొద్దండి."

"అయ్యా?"

"ధర్మరాజ్ కనబడతా ఉంటాడా?"

"పూలకొట్టు దగ్గర కనబడతాడు. నన్ను చూస్తే తల తిప్పుకుంటాడు."

"నేను ఒకసారి వాళ్ల ఇంటికి రావచ్చునా అని అడుగు. ఒప్పుకుంటేనే వస్తానని చెప్పు. సభకు రమ్మని మాత్రం అనొద్దు."

"ఎందుకని అడిగితే ఏం చెప్పేదయ్యా?"

"తప్పు నాదని చెప్పు. ఏం తప్పో ఆయనకు తెలుసు. నీకు చెప్పను శక్తీ, చెప్తే మళ్లీ అదే తప్పు చేసినట్టు అవుతుంది. వద్దంటే వద్దన్నాడని నాకు చెప్పు, అంతే."

శక్తి సరే సరే అన్నాడు, ప్రార్థన చెయ్యమని అడగబోయి మానుకున్నాడు. వదిన ఫోను మంచం మీద పెట్టింది. తమిళం ఆమెకు బాగా తెలుసు, ప్రతి మాటా వినింది.

"ఎవరబ్బయ్యా ఆ ధర్మరాజ్?"

"ఒకాయన వదినా."

ఆమె మంచం ముందర పీట వేసుకొని కూర్చొని, సంగటి చిన్న ముద్ద తుంచి, కూరాకులో అద్ది, పైకెత్తి పట్టుకొని ఆగింది. తినే ముందు అతను కళ్లు మూసుకొని చాలాసేపు ప్రార్థన చేస్తాడని, అంతసేపూ అందరూ చేతులు కట్టుకొని కూర్చోవాలని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. "మొక్కుకుంటావా?" అని అడిగింది.

"నువ్వు పెట్టు వదినా" అని ఓబద్యా నోరు తెరిచినాడు.